ఏటిలో ఆకుదావ

శకుంతలమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఏటిగడ్డపల్లిలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. పప్పు ఉడక్కపోతే ఆమె పప్పును తిట్టదు, ఆ పప్పు అమ్మిన శెట్టిని తిడుతుంది. బస్సు రాకపోతే డ్రైవరును వదిలేసి, ఆ బస్సుకు టైము రాసిన మహానుభావుడిని తిడుతుంది. అలాంటి మనిషి ఆ పుష్యమాసం పొద్దున ఏటి గట్టు మీద నిలబడి, నోరు తెరిచి, ఒక్క మాట కూడా రాక అలాగే ఉండిపోయింది. వెనక నాలుగు బండ్ల చెరకు. ముందు స్వర్ణముఖి. స్వర్ణముఖికి అడ్డంగా నిన్నటిదాకా ఉన్న దారి ఇవాళ లేదు.

ఆ దారి సంగతి చెప్పాలి. స్వర్ణముఖి పేరుకు నదే గానీ, వానలప్పుడు కొన్నాళ్లు ఎర్రగా ఉరకడం తప్పిస్తే తక్కిన ఏడాదంతా ఇసుకే. ఆ ఇసుకలో మనిషికి మడమ దిగుతుంది, బండికి ఇరుసు దిగుతుంది. ఊరేమో ఈ గట్టున, బెల్లం గానుగేమో ఆ గట్టున. వంతెన కావాలంటే ఎక్కడో శ్రీకాళహస్తి దాకా పోవాలి. అందుకని నీళ్లు తగ్గగానే ఊరంతా కలిసి ఏటికి అడ్డంగా ఎండు చెరకాకు పరుస్తారు. చెరకు వేసిన ప్రతి ఇల్లూ మోపులు మోసుకురావాలి. ఒక వరస అడ్డం, ఒక వరస నిలువు, మధ్యమధ్య నీళ్లు చల్లి, ఆడా మగా చేతులు పట్టుకుని నిలబడి తొక్కుతారు. తొక్కి తొక్కి చాపలా గట్టిపడ్డాక దాని మీద బండ్లు పోతాయి, సైకిళ్లు పోతాయి, పురిటికొచ్చిన పిల్లను బండిలో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోవచ్చు. ఊళ్లో దాన్ని ఆకుదావ అంటారు.

ఆ ఆకుదావ ఇప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నల్లటి బూడిదై పడి ఉంది. గాలి వీచినప్పుడల్లా కొంచెం కొంచెం లేచి పోతోంది.

"వదినా, బండి ఒకటి దింపి సూస్తాను," అన్నాడు ఆమె మరిది దేవరాజులు. దింపాడు. గట్టు కింద తడి నేల మీద బండి బాగానే పోయింది. నడి ఏట్లో మెత్తటి ఇసుక తగలగానే చక్రాలు రెండూ కూరుకుపోయాయి. ఎడ్లు మోకాళ్ల మీద పడ్డాయి. నలుగురు కూలీలు పట్టి వెనక్కి లాగేసరికి వాళ్ల తలప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు శకుంతలమ్మకు నోరు వచ్చింది.

"ఎవుడు సేసినాడు ఈ పని? వాని చేతులు ఇరిగిపోను. ఊరు ఊరంతా తొక్కిన దావ. మూడు రోజులు నడుములు పట్టుకోని మూలిగినారు ఆడోళ్లు. ఎవుడప్పా వాడు?"

ఆమె కోపానికి కారణం ఉంది. ఆ రోజు గానుగ ఆమె వంతు. చుట్టుపక్కల చెరకు వేసినవాళ్లందరికీ ఒకటే గానుగ, రసం కాచే పెనమూ ఒకటే. అక్కడి కట్టుబాటు ఏమిటంటే, వంతు వచ్చిన రోజు పొద్దు నడినెత్తికి వచ్చేలోగా మొదటి బండి గానుగ దగ్గరికి చేరాలి. చేరకపోతే ఆ వంతు తర్వాతివాడికి పోతుంది. తప్పినవాడు వరసలో అందరి వెనక్కి పోయి నిలబడాలి. ఎవరి కష్టమైనా సరే, ఎవరి ఇంట్లో చావైనా సరే, ఆ మాట మారదు. వంతు ఉందని నిన్నంతా చెరకు కొట్టించింది. కొట్టిన చెరకు ఆగదు, లోపల పులుస్తుంది. పులిసిన రసాన్ని ఎంత కాచినా బెల్లం అచ్చు కట్టదు, జిగటగా కూర్చుంటుంది. దాన్ని సంతలో చూసేవాడు కూడా ఉండడు. మొగుడు రామచంద్ర బావి తగాదా వాయిదాకని చిత్తూరు కోర్టుకు పోయాడు. ఏడాది పంట గానుగకు చేర్చే భారం ఆమె నెత్తిన పెట్టి పోయాడు.

తర్వాతి వంతు గురప్పది. గురప్ప ఆ గట్టువాడు, చెరకు కూడా ఆ గట్టునే ఉంది, ఆకుదావతో అతనికి పని లేదు. ఈపాటికే గానుగ దగ్గర గట్టు మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు. ఆ చూపు శకుంతలమ్మకు ఇక్కడికే తగిలింది.

"నిన్న రేత్రి ఏటికాడ మంట నేను సూసినాను," అంది ఆమె, తన మీద కూడా కోపం వచ్చి. "ఆ గట్టున గురప్ప ఆకు తగలబెడతా ఉండాడనుకున్నాను."

చెరకు కొట్టిన మళ్లలో ఆకు తగలబెట్టడం ఆ ఊళ్లలో మామూలే. ఊరంతా ఆ వెలుగు చూసింది, ఊరంతా అదే అనుకుంది, దుప్పటి కప్పుకుని పడుకుంది. మరి ఇంకేమనుకుంటారు? దారిని తగలబెట్టేవాడు ఒకడుంటాడని ఎవరి కలలోకైనా వస్తుందా?

దేవరాజులు తల గోక్కున్నాడు. తల గోక్కున్నాడంటే ఏదో దాస్తున్నాడని శకుంతలమ్మకు తెలుసు.

"సెప్పు," అంది.

"నిన్న సాయంత్రం సైకిళ్లోళ్లు వచ్చినారు వదినా. తిరపతోళ్లు. కల్యాణి డ్యాము కాడ బయలుదేరి ఏటెంబడే కాళాస్తి దాకా సైకిళ్ల మీద పోతా ఉండారంట."

"ఏం పని మీద?"

"పనేం లేదు. ఊరికే."

"ఊరికేనా?"

"ఊరికే. సూసేదానికి. చెట్లూ పుట్టలూ సూసేదానికి. యాడ పండుకోవచ్చునని నన్ను అడిగినారు." దేవరాజులు గొంతు తగ్గింది. "ఏట్లో ఇసక మెత్తగా ఉంటాది, ఆడ పండుకోండి అని నేనే సెప్పినాను."

శకుంతలమ్మ మరిదిని ఎగాదిగా చూసింది. ఇంకో రోజైతే అతని పని అయిపోయేది. ఆ రోజు అంత తీరిక లేదు.

"సైకిలు తియ్యి," అంది.

"యాడికి వదినా?"

"ఇసకలో వాళ్ల టైర్ల గుర్తులు కనపడ్డం లేదా? వాటెంబడే పోనీ. తగలబెట్టినోళ్లు వచ్చి దావ వెయ్యల్ల."

ఆమె కొంగు బిగించి దోపుకుని సైకిలు క్యారియరు మీద ఒక పక్కగా కూర్చుంది. దేవరాజులు తొక్కాడు. ఆ విధంగా శకుంతలమ్మ కూడా స్వర్ణముఖి వెంబడి సైకిలు యాత్ర చేసింది. ఆ దారి బాగుంటుందని చెప్పాలి. గట్టు పొడుగునా తాటిచెట్లు, కింద వేరుశనగ మళ్లు, సరుగుడు తోపులో గాలి చప్పుడు, ఎక్కడో మోటు బావి దగ్గర కపిల తోలేవాడి పాట. ఆమెకు అవేవీ కనిపించలేదు. గతుకు వచ్చినప్పుడల్లా నడుము కలుక్కుమంది, కలుక్కుమన్నప్పుడల్లా తిరుపతి వాళ్లకు ఒక తిట్టు పడింది. టైర్ల గుర్తులు ముందు వెళ్తూనే ఉన్నాయి. ఒక చోట కాలవ గట్టు తెగ్గొట్టుకుని దాటాయి. ఒక చోట ఎవరిదో ఉలవచేనుకు అడ్డంగా పడి, అవతల మళ్లీ దారిలో కలిశాయి.

"సూడు, సేను మీదనే పోయినారు," అంది శకుంతలమ్మ. "దావ సుట్టూ తిరిగిపోతే వాళ్ల కాళ్లు అరిగిపోతాయా?"

"వాళ్లకు తెలీదు వదినా."

"తెలీకపోతే నోరుండాది గదా అడిగేదానికి. పండుకునేదానికి చోటు అడిగినోళ్లు, ఆకు కాల్చేముందు అడిగేదానికి ఏం వచ్చె?"

దేవరాజులు ఇంకా గట్టిగా తొక్కాడు.

పక్క ఊరు పాపన్నగుంట చేరేసరికి బడి ముందు జనం. రెండు వాసాల మధ్య గుడ్డ ఒకటి కట్టారు. స్వర్ణముఖి లోయలో సైకిలు యాత్రికులకు స్వాగతం అని దాని మీద ఎర్ర రంగుతో రాసి ఉంది. పిల్లలను వరసగా కూర్చోబెట్టారు. బెంచీల మీద సైకిళ్ల వాళ్లు కూర్చున్నారు. బెల్‌బాటం ప్యాంటు గొట్టాలు చెయినుకు తగలకుండా రబ్బరు బ్యాండ్లు వేసుకున్నారు, మెడల్లో బంతిపూల దండలు, చేతుల్లో మజ్జిగ గ్లాసులు. పాపన్నగుంట ప్రెసిడెంటు చెంగల్రాయుడు, ఎవరి పెళ్లికీ తియ్యని తెల్ల అంగీ తొడుక్కుని, పెళ్లికొడుకులా మధ్యలో ఉన్నాడు.

నిలబడి మాట్లాడుతున్నతను ఆ జట్టుకు నాయకుడు, సంపత్కుమార్ అని పేరు. తిరుపతిలో దేవాలయ సేవలో ఉన్న ఇంటివాడు, ఆఫీసులో ఉద్యోగం. ముప్పై దాటని మనిషి. కళ్లద్దాలు. చెడ్డవాడేమీ కాదు, ముందే చెబుతున్నాను. మాట మెత్తన, మనసు కూడా మెత్తనే. కానీ ఆ పూట ఆ నోటి నుంచి వచ్చిన మాటలు వింటే మెత్తటి మనుషుల మీదే విసుగు పుడుతుంది.

"పట్నం రొదకు దూరంగా ఇలాంటి ప్రశాంతమైన సీమ ఒకటి మన పక్కనే ఉందని మాకు తెలియకపోయింది," అంటున్నాడు అతను. "నిన్న రాత్రి ఏటి ఇసుకలో పడుకున్నాం. చలికి వణికిపోతుంటే అక్కడ పడి ఉన్న ఎండు చెత్తకు నిప్పు పెట్టాం. ఏం చెప్పను. ఆ మంట గాలికి అందుకుని, నదికి అడ్డంగా, ఆ ఒడ్డు దాకా బంగారు తాడులా పరిగెత్తింది. ఈ నదికి స్వర్ణముఖి అని పేరు ఎందుకు పెట్టారో నాకు ఆ క్షణంలో అర్థమైంది. జన్మలో మరచిపోలేను."

చెంగల్రాయుడు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని పిల్లలు కొట్టారు.

శకుంతలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి బెంచీ ముందు నిలబడింది.

"ఏమప్పా, శానా బాగుండిందా మంట?" అని అడిగింది.

సంపత్కుమార్ నవ్వాడు, పాపం, ఎవరో మెచ్చుకుంటున్నారనుకుని. "చాలా బాగుండిందమ్మా," అన్నాడు.

"నువ్వు కాల్చింది చెత్త గాదు. మా దావ. మా ఊరు ఏడాదికొకసారి వేసుకునే దావ. నువ్వు ముట్టించిన ఆకు మా ఇండ్లలో ఆడోళ్లు మోసింది, మొగోళ్లు పరిచింది. ఇంటికి పోయి ఇంటోళ్లను అడుగు, వాకిట్లో ముగ్గు చెరిపితేనే తిడతారు. నువ్వు ఒక ఊరి దావను కాల్చి సలి కాచుకోని, ఈడికొచ్చి దండ యేసుకోని, బంగారం గింగారమని పిల్లోళ్లకు సెప్తా ఉండావు."

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లో పడ్డాయి. సంపత్కుమార్ చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"దావ అంటే... అది ఆకు కదమ్మా," అన్నాడు.

"ఆకే. ఆకు మీదనే బండ్లు పోతాయి. నా సెరుకు నాలుగు బండ్లు గట్టు మీద ఉండాది. పొద్దు నడినెత్తికొచ్చే లోపల గానుగ కాడికి పోకుంటే నా వంతు పోతాది. వంతు పోతే సెరుకు పులుస్తాది. నాకీ ఏడాది తినేదానికి ఏముండాదో నువ్వే సెప్పు."

చెంగల్రాయుడికి ఒళ్లు మండింది. శకుంతలమ్మ చెరకు కోసం కాదు, ఆగిపోయిన సభ కోసం. దండలు తెప్పించింది ఆయన, మజ్జిగ తెప్పించింది ఆయన, ఆ సభ తన సభ.

"శకుంతలా, ఏం మాటలు అవి? సారోళ్లు పెద్ద సదువులు సదివినోళ్లు. వీళ్లు పేపర్లో రాస్తారు, ఆఫీసర్లకు సెప్తారు. మనకు బ్రిడ్జి వస్తాది. కొంచెం ఓపిక పట్టల్ల."

"బ్రిడ్జి వచ్చే దాకా నా సెరుకు ఓపిక పడతాదా పెసిడెంటన్నా?"

"అమ్మా, నష్టం ఎంతో చెప్పండి," అని జేబులో చెయ్యి పెట్టాడు సంపత్కుమార్. నిజంగానే పెట్టాడు. "మేమందరం వేసుకుని ఇస్తాం."

"నోట్లు ఇసకలో పరిస్తే బండి పోతాదా? నాకు రూకలొద్దు. మీ చేతులు కావల్ల. లేచి రాండి అందరూ. తగలబెట్టినోళ్లే వెయ్యల్ల."

బెంచీ మీది వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాళహస్తిలో సాయంత్రం పెద్ద సభ ఉందని ఒకడు గొణిగాడు. మాకేం తెలుసు, బోర్డు పెట్టాలి కదా అన్నాడు ఇంకొకడు. దారికి బోర్డట. ఊరివాళ్లందరికీ తెలిసిన దారి, వీళ్లొకళ్ల కోసం, దీన్ని కాల్చకండి అని బోర్డు పెట్టాలట. ఆ మాట వినగానే శకుంతలమ్మ బడి గోడ దగ్గరికి నడిచింది. గోడకు ఆనించిన సైకిళ్లలో జెండా కట్టి ఉన్నదాన్ని, అంటే నాయకుడిదాన్ని, హ్యాండిలు పట్టుకుని లాగింది. బడి పక్కనే పాపన్నగుంట బందెలదొడ్డి. పైరులో పడిన గొడ్లను తోలి కట్టే చోటు అది. ఆ రోజు దాంట్లో ఎవరిదో ఒక బర్రె మాత్రం నెమరు వేస్తోంది. శకుంతలమ్మ సైకిలును దొడ్లోకి తోసి, బర్రె పక్కన నిలబెట్టి, తడిక మూసి, తడికకు వీపు ఆనించి నిలబడింది.

"సేనులో పడిన గొడ్డును ఈడికే గదా తోల్తారు," అంది. "ఇది ఊరి దావ మేసింది. ఇడిపించుకునేదానికి ఎవురొస్తారో రాండి."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత నవ్వు పెద్దదైంది. పాపన్నగుంట వాళ్లూ ఏటి గట్టు వాళ్లే, వాళ్లకూ ఆకుదావ ఉంది. చెంగల్రాయుడు మొహం కందగడ్డయింది. తడిక తియ్యమని గద్దించాడు. ఆమె కదల్లేదు. ఆడమనిషిని పట్టి లాగలేడు, జనం ముందు వదిలేయలేడు. ఆయన అవస్థ ఆయనది.

సంపత్కుమార్ మెడలో దండ తీసి బెంచీ మీద పెట్టాడు.

"నేను వస్తాను," అన్నాడు.

"సంపత్, సభకు ఆలస్యమవుతుంది," అన్నారు వెనక నుంచి.

"మీరు వెళ్లండి. నేను చూసి వస్తాను." శకుంతలమ్మ తడిక తీసి సైకిలును బయటికి వదిలింది.

వాళ్లు వెళ్లారు. ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ వెళ్లారు. మజ్జిగ తాగి, ప్రెసిడెంటుకు నమస్కారాలు పెట్టి, బెల్లు మోగించుకుంటూ సరుగుడు తోపు వెంబడి వరసగా పోయారు. నిప్పు పెట్టినప్పుడు అందరూ కలిసి పెట్టారు, చేతులు చాపి అందరూ కలిసి వెచ్చబడ్డారు. దిద్దడానికి మాత్రం ఒకడు చాలట.

ఏటి గట్టుకు తిరిగి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. సంపత్కుమార్ సైకిలు దిగి బూడిద వైపు చూశాడు. పగటి వెలుగులో దాన్ని చూడటం అతనికి అదే మొదలు. చీకటితోనే లేచి, వెనక్కి చూడకుండా పోయిన మనుషులు వాళ్లు. వంగి చేత్తో తాకాడు. బూడిద కింద ఇంకా కాలని ఆకు కట్ట ఒకటి, అడ్డం నిలువుగా పరిచినది పరిచినట్టే బయటపడింది.

"ఇది అల్లినట్టుంది," అన్నాడు మెల్లగా.

"అల్లినట్టుండేది గాదు, అల్లిందే," అంది శకుంతలమ్మ. "రేత్రి ముట్టించేముందు చేత్తో ఒకసారి తాకింటే తెలిసుండు."

"ఇంకొంచెం ఆకు ఎక్కడైనా దొరకదా? నేను మోసుకొస్తాను. ఎంత దూరమైనా సరే."

దేవరాజులు తల అడ్డంగా ఊపాడు. "ఊర్లో ఉండే ఎండాకు అంతా దీంట్లోకే వచ్చింది సార్. పచ్చాకు యేస్తే జారతాది, ఎడ్లకు కాలు నిలవదు."

చెరకును తల మీద మోయించవచ్చు. కానీ కూలీలు నలుగురే, తక్కినవాళ్లంతా వేరే పొలాల్లో ఉన్నారు. అదీగాక గానుగ దగ్గరికి బండి చేరాలి గానీ మోపులు చేరితే లెక్కలోకి రాదు. ఆ గట్టు నుంచి గురప్ప కేకేశాడు.

"శకుంతలక్కా, పొద్దు నెత్తి మీదికి వస్తా ఉండాది. నేను పెనం కింద పొయ్యి ముట్టించుకోవల్లనా, వద్దా?"

కట్టుబాటు కట్టుబాటే. అతన్ని తప్పు పట్టడానికి లేదు. లేకపోయినా శకుంతలమ్మ మనసులో నాలుగు తిట్లు పెట్టింది. తర్వాత తన బండ్ల వైపు తిరిగింది. అన్నిటికంటే ముందున్న బండిలో బావి పక్క మడి చెరకు. ఆ మడికి నీళ్ల కోసమే రామచంద్ర కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. గడ ఒక్కోటీ చేతికి నిండుగా, ఎర్రగా, కణుపు కణుపుకూ రసంతో ఉంది. ఆమె దాన్ని కాసేపు చూసింది.

"దింపండి," అంది.

"ఏంది వదినా?"

"ఈ బండి దింపండి. చక్రాలు పోయే రెండు గాళ్ల మీద అడ్డంగా పరవండి. నడి ఏట్లో మెత్తటి చోట అంతా పరవండి."

"సెరుకునా?"

"సెరుకునే. ఒక బండి పోతే పోతాది. మూడు బండ్లు దాటతాయి."

దేవరాజులు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కూలీలు ఒకరినొకరు చూసుకుని నిలబడిపోయారు. సంపత్కుమార్ అడ్డం వచ్చాడు.

"వద్దమ్మా. అది మీ పంట. పంటను తీసుకుపోయి ఇసుకలో..."

"రేత్రి నువ్వు కాల్చింది ఎవురి పంటదప్పా?" శకుంతలమ్మ ఒక కట్ట లాగి అతని ముందు పడేసింది. "అడ్డం నిలబడద్దు. చేతులు తెచ్చినావు గదా, పట్టు."

అతను పట్టాడు. చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, కట్టలు భుజాన వేసుకుని పరిగెత్తాడు. గడల మీద మిగిలిన ఆకు అంచులు అరచేతులను కోశాయి, చేతుల మీద ఎర్రటి గీతలు లేచాయి. ఇసుకలో రెండు సార్లు బోర్లా పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. ఒక బండి చాలలేదు. నడి ఏరు దాటేలోపలే అయిపోయింది. రెండో బండి కూడా సగం దింపమంది శకుంతలమ్మ. ఈసారి ఆమె బండి వైపు చూడలేదు, ఆ గట్టు వైపు చూస్తూ చెప్పింది.

పరవడం అయ్యాక సగం దింపిన బండినే ముందు తోలారు. దేవరాజులు నొగ దగ్గర నిలబడి ఎడ్లను అదిలించాడు. ఇనుప పట్టా వేసిన చక్రం మొదటి గడ మీదికి ఎక్కగానే గడ పటుక్కుమని పగిలింది. ఆ చప్పుడు తర్వాత ఇంక ఆగలేదు. పటపటమని గడలు పగులుతూనే ఉన్నాయి, బండి పోతూనే ఉంది. దాని వెనక నిండు బండ్లు రెండూ పోయాయి. వాటి బరువుకు చెరకు నలిగి, చిట్లి, తెల్లటి పిప్పి బయటపడింది. రసం గాడి పొడుగునా కారింది, ఇసుక పీల్చుకుంది. గానుగ దగ్గర వచ్చే తీపి వాసన ఏటి నడిమధ్యలో వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చాయో ఈగలు కూడా వచ్చాయి.

మొదటి బండి ఆ గట్టెక్కి గానుగ ముందు నిలబడినప్పుడు గురప్ప తల ఎత్తి పొద్దును చూశాడు, తర్వాత బండిని చూశాడు. లేచి పక్కకు జరిగాడు. "వంతు నీదే అక్కా," అన్నాడు. ఏటి వైపు మాత్రం చూడలేదు, రైతు కదా, చూడలేకపోయాడు.

పెనం కింద పొయ్యి ముట్టించి, గానుగకు ఎడ్లను కట్టించి, శకుంతలమ్మ మళ్లీ గానుగ వైపు గట్టు మీదికి వచ్చింది. ఇద్దరు కూలీలు నలిగిన చెరకును గొడ్లకు వేద్దామని ఏరుతున్నారు.

"ముట్టద్దండి," అంది. "అట్లే ఉండనీండి. రేపు మునిరామయ్య వాళ్ల బండ్లు రావల్ల, ఎల్లుండి ఇంకొకరివి. వాళ్లెట్ల దాటతారు?"

సంపత్కుమార్ ఇంకా అవతల, ఊరి వైపు గట్టునే ఉన్నాడు. చొక్కా తొడుక్కుని, సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. కాళహస్తి బస్సు రోడ్డు గానుగ వెనకే పోతుంది, అతను సైకిలును బస్సు మీద వేసుకుని సభ వేళకు తన వాళ్లను కలవాలంటే ఏరు దాటి ఈ గట్టుకు రావాలి. చెరకు పరిచిన గాళ్ల దగ్గరికి వచ్చాడు. కాలు ఎత్తాడు. దింపలేకపోయాడు.

"రాప్పా," అని కేకేసింది శకుంతలమ్మ. ఆమె కోపం అణువంత కూడా తగ్గలేదు. "దావ ఉండాది గదా. నీకు మంచిగా సైకిలు పోతాది. తొక్కుకోని రా."

అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సైకిలును ఎత్తి భుజాన వేసుకున్నాడు. గాడి వదిలి, చెరకుకు దూరంగా, మెత్తటి ఇసుకలోకి దిగాడు. పిక్కల దాకా కూరుకుపోతూ, కాలు లాగి మళ్లీ వేస్తూ, ఏరంతా అలాగే దాటాడు.

దాటి వచ్చేదాకా శకుంతలమ్మ అక్కడే నిలబడి చూసింది. రమ్మని ఇంకోసారి పిలవలేదు.